కొండ దిగడం నేర్చుకున్నాను: విశాఖలో మా ఆదివారం బ్యాచ్

విశాఖలో సైకిల్ తొక్కేవాళ్ళలో ఎక్కువమంది బీచ్ రోడ్డు మనుషులే. తెల్లవారకముందే ఆర్కే బీచ్ దగ్గర మొదలుపెట్టడం, జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్ దాటి రుషికొండ, ఓపిక ఉంటే భీమిలి. నేనూ అదే బాపతు. కుడి పక్కన సముద్రం, ఎడమ పక్కన కొండలు. కుడివైపు తిరిగి ఫోటోలు తీసుకోవడమే కానీ ఎడమవైపు హ్యాండిల్ తిప్పింది లేదు. తూర్పు కనుమలు ఇళ్ళ మధ్యలోకి వచ్చేసిన ఊరు మనది. అయినా మట్టిబాటల మీద సైకిల్ తొక్కే ఆడవాళ్ళు నా ఎరుకలో ఒక్కరూ లేరు.

మా కాలేజీలో బోటనీ మేడం చెప్పింది. "ఆదివారాలు ఆడవాళ్ళకి విడిగా మౌంటెన్ బైకింగ్ నేర్పుతున్నారంట, ఫీజు కూడా లేదంట" అని. ఫీజు లేదంటే నాకు ముందు అనుమానమే వచ్చింది. చివర్లో లక్ష రూపాయల సైకిల్ అంటగడతారేమో అనుకుంటూనే వెళ్ళాను. తీరా చూస్తే అది అచ్చంగా వలంటీర్ల క్లబ్బు. ఆఫీసు లేదు, బోర్డు లేదు. ఒకరి ఇంటి షెడ్డులో కొన్ని పాత సైకిళ్ళు, ఒక గాలి పంపు, ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె. నేర్పేవాళ్ళలో ఒకావిడ ఫిజియోథెరపిస్టు, మాకందరికీ అక్క. ఇంకొకావిడ భర్త నేవీలో పనిచేస్తారు. ఆవిడకు తెలుగు అంతంతమాత్రం, మాకు హిందీ అంతంతమాత్రం. బ్రేకులు పట్టడం దగ్గర మాత్రం భాష ఎప్పుడూ అడ్డు రాలేదు.

చేరేటప్పుడు ఒక కాగితం నింపాలి. బ్లడ్ గ్రూపు, వాడుతున్న మందులు, ఏమైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి, నా ఇష్టంతోనే వస్తున్నాను అని సంతకం. "మా ఆయన సంతకం ఎక్కడండీ?" అని నా పక్కనున్న అమ్మాయి అడిగింది. "అలాంటి గడి లేదమ్మా" అంది అక్క, తలెత్తకుండానే. క్లబ్బు నాకు అక్కడే నచ్చేసింది.

ఆ తర్వాత చాలాసేపు ఎవరూ సైకిల్ ఎక్కలేదు. నేను తెచ్చుకున్న సైకిల్‌ని అక్క వరసగా చూసుకుంటూ వెళ్ళింది. ముందు చక్రం ఇరుసు దగ్గర మొదలై పైకి హ్యాండిల్ దాకా, అక్కణ్ణుంచి కిందికి పెడళ్ళ దాకా, మళ్ళీ పైకి సీటు, చివరికి వెనక చక్రం. ఇంగ్లిష్ ఎమ్ అక్షరం గీసినట్టు ఉంటుంది కాబట్టి దీన్ని ఎమ్ చెక్ అంటారు. ఎక్కడ వదులుంది, ఏది కదులుతోంది అని చూడడం. ఆ చెకింగ్‌లో తేలిందేమిటంటే, నాకు సైకిల్ అమ్మిన దుకాణం వాళ్ళు నా ఎత్తుకు బొత్తిగా కుదరని పెద్ద ఫ్రేమ్ కట్టబెట్టారు. "తొక్కితే అలవాటైపోద్ది మేడం" అని సర్దిచెప్పి పంపారు కూడా. అక్క దాన్ని గోడకి ఆనించి, షెడ్డులోంచి చిన్న ఫ్రేమ్ ఉన్నది తీసుకొచ్చింది.

అసలు సంగతంతా ఆ తర్వాత జరిగిన బిగింపుల్లో ఉంది. "బ్రేక్ పట్టుకో" అంది. నా వేళ్ళు బ్రేక్ లివర్‌ని అందుకోవాలంటే అరచెయ్యి హ్యాండిల్ మీంచి లేస్తోంది. చిన్న అలెన్ కీ పెట్టి లివర్ దగ్గరున్న బుల్లి స్క్రూ తిప్పింది, లివర్ నా వేళ్ళ దగ్గరికి జరిగింది. ఇప్పుడు చూపుడు వేలు ఒక్కటి చాలు బ్రేక్ వేయడానికి, మిగతా వేళ్ళన్నీ హ్యాండిల్‌ని పట్టుకునే ఉన్నాయి. తర్వాత టైర్లు. నేను రోడ్డు మీద అలవాటుగా 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి కొట్టించేదాన్ని. నా బరువు 54 కిలోలు. మట్టిలో అంత గాలితో తొక్కితే టైరు రాయి మీద ఒదగదు, ఎగురుతుంది. ముందు 28, వెనక 30కి దింపింది. ఆ తర్వాత ముందు ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే, కుదుపుల్ని మింగే జంట కాడలు. గాలితో పనిచేసే ఫోర్క్ అది, అంతకుముందు దాన్ని వాడినాయన బరువుకి గాలి నింపి ఉంది. నేను ఎక్కి కూర్చుంటే ఇసుమంత కూడా కుంగలేదు. మనిషి ఎక్కితే ఫోర్క్ తన మొత్తం కదలికలో సుమారు అయిదో వంతు కుంగాలట. దాని కాడ మీదుండే చిన్న రబ్బరు రింగు ఎక్కడిదాకా జరిగిందో చూసి గాలి తీసేసింది.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మట్టి వాలు చూస్తే నాకు కలిగే భయంలో సగం ఇంకెవరి చేతి కొలతకో, ఇంకెవరి బరువుకో బిగించిన సామాను వల్ల వచ్చిందే. దాన్ని నేను నా పిరికితనం అనుకుంటూ వచ్చాను. ఆడవాళ్ళకి విడిగా బ్యాచ్ ఎందుకని మా స్టాఫ్ రూములో ఓ సార్ అడిగారు. ఎనభై కిలోల మనిషి ఎనభై కిలోల అనుభవంతో ఇచ్చే సలహా నాకు పనికిరాదు, అందుకని. అదే సార్ ఇది మగాళ్ళ ఆట కదమ్మా అని కూడా అన్నారు. ఒలింపిక్స్‌లో రోడ్డు సైకిల్ పందెం 1896లో మగవాళ్ళతో మొదలైతే ఆడవాళ్ళ పందెం పెట్టింది 1984లో. మౌంటెన్ బైకింగ్ అలా కాదు, 1996 అట్లాంటాలో ఆట అడుగుపెట్టిన మొదటిసారే ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఇద్దరికీ పందేలు పెట్టారు. ఇది అక్క చెప్పిందే. సార్‌కి అప్పగించేశాను.

విడి బ్యాచ్ వల్ల ఇంకో లాభం, ఏ ప్రశ్నైనా అడగొచ్చు. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ లోపల మామూలు లోదుస్తులు వేసుకోకూడదని, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయని మాలో సగం మందికి తెలీదు. సీటు వెడల్పు మన కూర్చునే ఎముకల మధ్య దూరాన్ని బట్టి ఎంచుకోవాలి తప్ప మెత్తగా ఉంది కదా అని కాదు. నెలసరి రోజుల్లో రావచ్చా అన్నదీ మాట్లాడుకున్నాం. రావాలనిపిస్తే రావచ్చు, మానాలనిపిస్తే మానొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. మగవాళ్ళున్న గుంపులో ఈ మాటలు ఒక్కటీ బయటికి రావు.

ప్రాక్టీసు మధురవాడ అవతల ఇంకా అమ్ముడుపోని ఒక లేఅవుట్‌లో. రోడ్లు వేసి వదిలేశారు, ఇళ్ళు లేవు, మట్టి దిబ్బలు, వరసగా హద్దు రాళ్ళు. వంకరటింకర తొక్కడం నేర్పడానికి ఆ రాళ్ళే మాకు గుర్తులు. మొదట నేర్పింది నిలబడడం. సీటు కిందికి దింపేసి, పెడళ్ళు రెండూ సమానంగా ఉంచి, మోకాళ్ళు మోచేతులు కాస్త వంచి, మడమలు కిందికి నొక్కి, బరువంతా కాళ్ళ మీద వేసి నిలబడాలి. చేతుల మీద బరువుంటే సైకిల్ ఎటు గుద్దుకుంటే మనిషి అటు పోతుంది. వినడానికి తేలిక. కాసేపటికే తొడలు వణికాయి.

బ్రేకుల దగ్గర నాకు బాగా నవ్వొచ్చింది, కాస్త ఉడుకుమోత్తనం కూడా వచ్చింది. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని నేను. జారబోయే ముందు ఉండే గరిష్ఠ స్థైతిక ఘర్షణ కన్నా, జారుతున్నప్పుడు ఉండే గతిక ఘర్షణ తక్కువ అని ప్రతి ఏడూ బోర్డు మీద రాస్తాను. చక్రం తిరుగుతున్నంతసేపే టైరుకి పట్టు, బిగుసుకుపోయి ఈడ్చుకుపోతే పట్టు తగ్గుతుందని అర్థం. బ్రేక్ వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే అని కూడా నాకు తెలుసు. అయినా చిన్నప్పటి నుంచి "ముందు బ్రేక్ వేస్తే బోర్లా పడతావు" అని విన్న మాట వేళ్ళలో ఉండిపోయింది. దిబ్బ మీంచి దిగుతుంటే నా ఎడం చెయ్యి వెనక బ్రేకునే నొక్కేది, వెనక చక్రం కర్రుమంటూ మట్టి చీల్చేది. అక్క చేయించింది ఒకటే. చదును మీద నడక వేగంతో వస్తూ, ముందు బ్రేకు ఒక్కటే, మెల్లగా, ఇంకాస్త, ఇంకాస్త, తుంటి వెనక్కి. బోర్లా పడేది ముందు బ్రేకు వేసినందుకు కాదు, శరీరం సిద్ధంగా లేకుండా ఒక్కసారిగా నొక్కినందుకు. ఆ తేడా వేలికి తెలిసేదాకా పదేపదే చేయించింది. మలుపుల సంగతి ఎక్కువ చెప్పను, సైకిల్‌ని వంచాలి, మనం వంగకూడదు, అంతే. నాకు ఎడమవైపు బాగా వస్తుంది, కుడివైపు ఇప్పటికీ అరకొరే.

బాట మీదికి తీసుకెళ్ళే ముందు ఒక క్లాసు నోటితోనే. ఎక్కడ తొక్కకూడదో చెప్పే క్లాసు. కొత్తగా వచ్చిన వాళ్ళందరూ ఎర్రమట్టి దిబ్బలకి ఎప్పుడు తీసుకెళ్తారని అడుగుతారు. ఫోటోలు బాగా వస్తాయి మరి. అక్కడికి వెళ్ళం. వేల ఏళ్ళుగా పేరుకున్న ఎర్ర ఇసుక అది, టైరు గీసిన గాడి వెంట వాన నీరు పారి ఇంకా లోతుగా కోసేస్తుంది. కంబాలకొండ అభయారణ్యంలోకి అనుమతి లేకుండా సైకిల్ ఎత్తుకుని దూరడం కూడా లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటుంది, పైగా అక్కడ చిరుతలున్నాయి. మేము తొక్కేది ఆనందపురం వైపు, జీడితోటల పక్కనుంచి వెళ్ళే పశువుల బాట. తోటల వాళ్ళని అడిగి, వాళ్ళు వద్దన్న రోజుల్లో మానేసి.

అక్కడి నేల లేఅవుట్ లాంటిది కాదు. మన కొండల రాయి ఖోండలైట్. ఎండకీ వానకీ శిథిలమై పైన సన్న గులకగా రాలుతుంది, కింద గట్టిగా ఉంటుంది. గచ్చు మీద శనగలు పోసి నడవమన్నట్టే. బాట మధ్యలో ఒక గెడ్డ ఉంది. వానల్లో తప్ప నీళ్ళుండవు. దాంట్లోకి దిగే చోట నిటారుగా ఓ వాలు, కింద మూడు రాళ్ళు. నేను ఆగిపోయాను. నా వెనక కట్టెల మోపులతో వస్తున్న ఆడవాళ్ళూ ఆగారు. దారిచ్చి పక్కకి జరిగితే ఒకావిడ మమ్మల్నీ మా హెల్మెట్లనీ ఎగాదిగా చూసి, "ఏటమ్మా, రోడ్డుండగా ఈ డొంకలో ఏటి మీ తిరుగుడు?" అని మోపుతో సహా నాలుగంగల్లో గెడ్డ దిగి అవతలికి ఎక్కేసింది. రబ్బరు చెప్పులతో. మా కోచింగ్ మొత్తం ఆవిడ ముందు దిగదుడుపే.

ఆ రోజు సాయానికి వచ్చిన మగ వలంటీర్లు ఇద్దరున్నారు. మంచివాళ్ళే, కానీ ఒకాయన "బ్రేక్ వదిలెయ్యండి మేడం!" అని, ఇంకొకాయన "వెనక్కి, వెనక్కి!" అని మొదలుపెట్టారు. అక్క చెయ్యెత్తి ఆపింది. వాలు మీదున్న మనిషితో ఒక్కరే మాట్లాడాలన్నది క్లబ్బు రూలు. నాతో ఆవిడ చెప్పిందల్లా, "రాళ్ళ వైపు చూడకు, అవతలి గట్టు మీద ఆ ఈత చెట్టుని చూడు. వద్దనుకుంటే నడిచి దిగు, అదీ రైడే." ఆ రోజు నడిచే దిగాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ జాలి చూపించలేదు, అది చాలా హాయిగా అనిపించింది. తర్వాత్తర్వాత ఆ చోట రెండు రాళ్ళ పక్కనుంచి సైకిల్ పోయే గీత కనిపించింది. చూపు ఎటుంటే సైకిల్ అటు పోతుందన్నది నిజమే. ఈత చెట్టు మీద చూపు పెట్టి వదిలాను, అవతల గట్టు ఎక్కేశాక గానీ బ్రేక్ నొక్కలేదని తెలియలేదు. మా అత్తయ్యకి వీడియో చూపిస్తే, "ఇంతేనా? ఈ గుంత కోసమా పొద్దున్నే అలారం?" అంది. వీడియోలో వాలు వాలులా కనిపించదు, అదో బాధ.

ఫీజు లేదన్నాను కదా. దాని బదులు పని ఉంటుంది. వానలు తగ్గాక పారలు, గునపాలు పట్టుకుని బాట బాగుచేయాలి. నీరు బాట వెంట పారితే బాట కాలవైపోతుంది. అందుకని అక్కడక్కడ ఏటవాలుగా చిన్న గట్టు పోసి నీటిని వాలు వైపుకి మళ్ళిస్తాం. తడి ఆరేదాకా అక్కడ తొక్కం. నిజం చెప్పాలంటే నాకు తొక్కడం కన్నా ఈ పనే ఎక్కువ ఇష్టం. వేసవిలో అయితే ఇదీ లేదు, విశాఖ ఉక్కపోతకి ఏడున్నరకల్లా అందరం ఇడ్లీ బండి దగ్గరే.

మధ్యలో నేవీ మేడం వాళ్ళకి కొచ్చికి ట్రాన్స్‌ఫర్ అయింది. ఈ ఊళ్ళో వలంటీర్ క్లబ్బులకి ఇదొక శాపం, బాగా నేర్పేవాళ్ళు రెండు మూడేళ్ళలో వెళ్ళిపోతారు. అక్క ఒక్కతే మిగిలింది. అలా మొదట నన్ను గుంపు చివర వచ్చే మనిషిగా పెట్టారు. అందరికన్నా నెమ్మదిగా వచ్చేవాళ్ళ వెనకే ఉండాలి, చెయిన్ ఊడితే ఎక్కించాలి, ట్యూబు మార్చాలి, ఎవరినీ వెనక వదలకూడదు. ఫస్ట్ ఎయిడ్ నేర్చుకున్నాను. ఇప్పుడు కొత్త బ్యాచ్‌కి బ్రేకుల క్లాసు నాది. గతిక ఘర్షణ అన్న మాట మాత్రం అక్కడ వాడొద్దని అక్క ముందే గట్టిగా చెప్పింది.

కొత్త బ్యాచ్ సంక్రాంతి దాటాక మొదలుపెడతాం. వచ్చేవాళ్ళు వేళ్ళు మూసి ఉండే బూట్లు, రెండు సీసాల నీళ్ళు తెచ్చుకోండి. చున్నీ వద్దు, చుడీదార్ ప్యాంటైతే కుడికాలు అంచుని రబ్బరు బ్యాండుతో బిగించండి, లేకపోతే చెయిన్ లాగేస్తుంది. సైకిల్ లేకపోయినా పర్లేదు. చిన్న ఫ్రేమ్‌వి మాత్రం మా దగ్గర తక్కువ, కాబట్టి ముందే మీ ఎత్తు చెప్పండి. బరువు కూడా. మొహమాటపడి తగ్గించి చెప్పకండి, ఫోర్క్‌లో గాలి దాన్ని చూసే నింపుతాను.