గోంగూర మానేస్తే చాలనుకున్నాను

నాకు గుండెలో మైట్రల్ వాల్వు మార్చి నాలుగేళ్లయింది. పెట్టింది మెటల్ వాల్వు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ సాయంత్రం అసిట్రోమ్ మాత్ర వేసుకోవాలి. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే ఐఎన్ఆర్ పరీక్షలో అంకె 2.5కూ 3.5కూ మధ్య నిలవాలి. తగ్గితే వాల్వు మీద గడ్డకట్టే భయం, పెరిగితే రక్తస్రావం భయం.

ఆకుకూరలు ముట్టుకోవద్దని ఎవరో చెబితే అమ్మ ఇంట్లోకి గోంగూర, తోటకూర, మునగాకు రానివ్వలేదు. ఆరు నెలలు సొరకాయ, బీరకాయలతోనే గడిపాను. శ్రావణంలో అత్తయ్య వాళ్ల ఊరు వెళ్లి వారం రోజులు రెండు పూటలా గోంగూర పప్పు, తోటకూర వేపుడు తిన్నాను. తిరిగొచ్చాక అంకె 1.6. రక్తం గడ్డకట్టడానికి విటమిన్ కె కావాలి. మాత్ర అడ్డుకునేది దాని పనినే, ఆకుకూరల్లో దండిగా ఉండేదీ అదే. "పూర్తిగా మానొద్దమ్మా, ఒకేసారి మీద పడీ తినొద్దు. ప్రతి వారం ఒకే లెక్కన తినండి, దానికి తగ్గట్టు మాత్ర నేను సరిచేస్తాను" అన్నారు డాక్టరుగారు. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

నన్ను నిజంగా భయపెట్టింది మాత్రం కూర కాదు. నిరుడు వేసవిలో విరేచనాలు పట్టుకుంటే వీధి చివరి మందుల దుకాణంలో మెట్రోనిడజోల్ ఇచ్చారు. వేరే మందులేమైనా వాడుతున్నారా అని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. అయిదో రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే నురగ ఎర్రగా వచ్చింది. ముందురోజు బస్సు కడ్డీకి ఆనిన మోచేతి పైన నేరేడుపండు రంగులో అరచేయంత మచ్చ. వెంటనే పరీక్ష చేయిస్తే 7.2! ఆ మందు అసిట్రోమ్ బలాన్ని అమాంతం పెంచేస్తుందట. గంజి తప్ప ఏమీ తినకపోవడం దానికి తోడైంది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచుకుని, మాత్ర ఆపి, అంకె దిగాకే మళ్లీ మొదలుపెట్టించారు.

నొప్పి మాత్రల సంగతీ అప్పుడే తెలిసింది. డైక్లోఫెనాక్ లాంటివి అంకె మామూలుగా ఉన్నప్పుడు కూడా కడుపులో రక్తస్రావం తెప్పించగలవు. కండలోకి ఇంజక్షన్ వేయించుకుంటే లోపల రక్తం గూడుకట్టవచ్చు.

పోయిన నెల జ్వరమొస్తే మా ఆర్ఎంపీ డాక్టరు సూది మందు తీశారు. నేను సంచిలోంచి అంకెలు రాసుకునే ఐఎన్ఆర్ పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టాను. రెండు పేజీలు తిరగేసి, సూది పక్కన పెట్టి, "మీ గుండె డాక్టరుగారికి ఫోను కలపండమ్మా" అన్నారు.