435 దగ్గర శ్రుతి

ఈరోజంతా శ్రుతి సరిచేసుకోవడంతోనే సరిపోయింది. కొత్త ట్రాక్ కోసం మల్ సింగ్ రికార్డు పట్టుకుని కూర్చున్నా. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యంతో వెళ్లి జర్మన్లకు చిక్కిన పంజాబీ సిపాయి. బెర్లిన్ దగ్గర వ్యూన్స్‌డార్ఫ్ ఖైదీల శిబిరంలో 1916 డిసెంబర్ 11న గ్రామఫోన్ హారన్ ముందు మాట్లాడించారు. పాట కాదు, ఉత్త మాటలే. ఒక మనిషి ఉండేవాడు, హిందుస్తాన్‌లో వెన్న తినేవాడు అని ఎవరిదో కథ చెబుతున్నట్టు మొదలుపెట్టి తన సంగతే చెప్పుకుంటాడు, యుద్ధానికొచ్చాడు, జర్మన్లు పట్టుకున్నారు, ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంచితే చచ్చిపోతాడు అని.

పొద్దున అతని మాటల ఎత్తుపల్లాలని స్వరాలుగా రాసుకుంటూ ఉంటే డౌటొచ్చింది, అసలు ఈ డిస్క్ అప్పుడు ఏ స్పీడులో తిరిగిందో? ఆ రోజుల్లో నిమిషానికి 78 చుట్లు అనేది పేరుకే, ఒక్కో మెషీన్ ఒక్కోలా తిరిగేది, స్పీడు కాస్త మారితే చాలు శ్రుతీ మారుతుంది, మనిషి వయసూ మారినట్టు వినిపిస్తుంది. పాత పాటల రికార్డులు దాచే బెర్లిన్ ఫోనోగ్రామ్ ఆర్కైవ్ వాళ్లు దీనికో ఉపాయం పెట్టుకున్నారు. మైనపు సిలిండర్ మీద పాటతో పాటు 435 హెర్ట్జ్ పిచ్ పైపు (ఒకే శ్రుతి పలికే ఈల) కూడా ఊది రికార్డు చేసేవారు, తర్వాత వినేవాడు ఆ కూతని బట్టి స్పీడు సరిచేసుకోవచ్చు. తెలివైన పనే. కానీ ఎవరు పాడినా, ఏ దేశపు పాటైనా, కొలత మాత్రం వాళ్లదే.

నాకు కావాల్సింది దొరికింది అనిపించింది. ట్రాక్ శ్రుతి మొత్తం ఇప్పుడు అందరూ వాడే 440 నుంచి 435కి దించేశా, ఇరవై సెంట్ల తేడా, అంటే అరస్వరంలో ఐదో వంతు, విడిగా వింటే తెలియదు గానీ మామూలు వయొలిన్ శాంపిల్ పక్కన పెడితే చెవిలో గుచ్చుకుంటుంది. ఆ కూతనే సాగదీసి, ముక్కలు చేసి, కింది స్థాయికి దించి డ్రోన్ కట్టా, తంబురాలా ఆగకుండా మోగే నాదం. నలగ్గొట్టాలంటే దాన్నే నలగ్గొడతా. మల్ సింగ్ మాటల్ని మాత్రం కత్తిరించను. వెన్న అన్న మాటని లూప్ చేసి కింద బీట్ పెడితే చెవిని పట్టేసే హుక్ భలే కుదురుతుంది, పెట్టి విన్నా కూడా, కాలు దానంతటదే ఆడింది, అందుకే డిలీట్ చేశా. ఖైదీని నిలబెట్టి పేరు, ఊరు, మతం, వృత్తి రాసుకుని, గొంతెలా ఉందో కూడా ఫారంలో నమోదు చేసుకున్నారు, ఇక నా వంతు కూడా ఎందుకు?

నాయిస్ తీసే ప్లగిన్ కూడా వద్దనుకున్నా. గీతల చప్పుడుతో పాటు అతని సకారాలు కూడా ఎగిరిపోతున్నాయి, అసలే ఆ హారన్ పై ఫ్రీక్వెన్సీలని సరిగ్గా పట్టదు. అతను మాట్లాడేంతసేపూ కింద ఏమీ మోగదు, అంతవరకూ ఖాయం. డ్రోన్ అతనికి ముందు రావాలా, తర్వాత రావాలా అన్నది ఇంకా తేలలేదు, ప్రస్తుతానికి రెండు వెర్షన్లూ సేవ్ చేసి పెట్టా.