బస్సెక్కని పదిహేను మంది

మా లయన్స్ క్లబ్ వాళ్లకి కొత్త సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. జూన్ 30తో ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్ దిగిపోతారు, కొత్తవాళ్లు వస్తారు. పోయిన ఏడాది మా క్లబ్‌కి నేను సెక్రటరీని. మాది గోదావరి డెల్టాలో చిన్న ఊరు, నాకు మెడికల్ షాపు ఉంది. మొన్ననే రిజిస్టర్లు అప్పజెప్పి వచ్చాను, అన్నీ ఇంకా మనసులో ఉండగానే రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

"మీకేంటండీ, శాలువాలు, భోజనాలు, పేపర్లో ఫోటోలు" అని షాపు దగ్గర చాలామంది అన్నారు. నాకు ఆ మాట గుచ్చుకునేది. మా భోజనాల ఖర్చు మేం కట్టుకునే చందాల్లోంచే పోతుంది. ఊళ్లో జనం సేవ కోసం ఇచ్చిన డబ్బు వేరే ఖాతాలో ఉంటుంది, అందులోంచి క్లబ్ నడపడానికి రూపాయి కూడా తీయకూడదు, అది లయన్స్ నియమం. ఒకసారి మీటింగు టీలకి పొరపాటున ఆ ఖాతాలోంచి 240 రూపాయలు ఇచ్చారని తేలితే మా ట్రెజరర్ గారు అప్పటికప్పుడు తన జేబులోంచి కట్టేసి, మినిట్స్‌లో రాయించారు. ఆయనంటే నాకు అప్పటినుంచి ఇంకా గౌరవం.

తప్పులు కూడా జరిగాయి. జూలైలో కాలవ గట్టు మీద 200 మొక్కలు నాటాం, కంచెలు కట్టకుండా. ఆ నెల బడ్జెట్ అంతా మొక్కలకీ ఫ్లెక్సీలకీ అయిపోయింది. సంక్రాంతికి వెళ్లి చూస్తే మేకలు తిన్నవి పోగా 30 లోపే ఉన్నాయి, అవి కూడా ఎదురుగా టిఫిన్ బండి పెట్టుకున్నాయన రోజూ నీళ్లు పోసినవి. నాటడం మాకు ఒక్క పూట పని, నీళ్లు పోయడం ఆయనకి ఆరు నెలల పని. ఈసారి 20 మొక్కలే నాటి, ప్రతి దానికీ కంచె కట్టి, ఒక్కోటి ఒక్కో ఇంటివాళ్లకి అప్పగించమని కొత్త టీంకి గట్టిగా చెప్పాను.

అసలు రాయాలనుకున్నది కంటి శిబిరం గురించి. లయన్స్ అంటే కళ్లు అని మన ఊళ్లలో అందరికీ తెలుసు కానీ కళ్లే ఎందుకో చాలామందికి తెలియదు. ఈ సంస్థని 1917లో చికాగోలో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్స్ వ్యాపారి మొదలుపెట్టారు. 1925లో ఒహాయోలో జరిగిన లయన్స్ మహాసభకి హెలెన్ కెల్లర్ వచ్చి, చూపు లేనివాళ్ల తరఫున మీరు నిలబడండి అని అడిగారు. ఆవిడకి చూపూ లేదు, వినికిడీ లేదు. ఆ రోజు నుంచి కంటి పని మా పనైంది. మన దేశానికి లయన్స్ 1956లో వచ్చింది.

సెప్టెంబర్ శిబిరం మండల పరిషత్ స్కూల్లో పెట్టాం. డాక్టర్ గారు టార్చి వేసి చూస్తారు, శుక్లం ముదిరినవాళ్లని పక్కన కూర్చోబెట్టి బీపీ, షుగర్ చూసి, ఆపరేషన్‌కి పేరు రాస్తారు. అంతా ఉచితం. సాయంత్రం బస్సు వచ్చి సిటీలో ఆస్పత్రికి తీసుకెళ్తుంది, మర్నాడు ఆపరేషన్, ఆ మర్నాడు కట్టు విప్పి నల్లద్దాలు పెట్టి పంపిస్తారు. 42 మంది పేర్లు రాశారు. బస్సెక్కింది 27 మంది. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు, నేను జాబితా పట్టుకుని గేటు దగ్గర నిలబడి పేర్లు పిలుస్తున్నాను, పలికేవాళ్లు లేరు. భయపడి ఉంటార్లే అన్నారు మావాళ్లు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత ఆదివారం నుంచి బండి వేసుకుని ఆ 15 ఇళ్లకీ వెళ్లాను, మూడు వారాలు పట్టింది. కత్తి పెడతారని భయపడి ఆగిపోయింది ఇద్దరే. ఒకాయన గేదెలకి పాలు తీసేవాళ్లు లేక. ఒకావిడ కోడలు నెలలు నిండి ఉందని. ఇంకొకాయన ఇంటికొచ్చాక నెలరోజులు చుక్కల మందు ఎవరు వేస్తారు బాబూ అన్నాడు, కొడుకులు ఇద్దరూ హైదరాబాద్‌లో. ఆపరేషన్‌కి డబ్బు అక్కర్లేదు కానీ మనిషి కావాలి. ఇన్నేళ్లుగా శిబిరాలు పెడుతున్నాం, ఈ సంగతి మాలో ఎవరం అడిగి తెలుసుకోలేదు.

రైస్ మిల్లు వెనక వీధిలో ఒక మామ్మ. భర్తకి పక్షవాతం, మంచం మీదే. నేను గుమ్మంలోకి వెళ్లేసరికి చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది, చూసి కాదు, రెండు వేళ్లతో నొక్కి చూసుకుంటూ. "నేనెళ్తే ఈయన్ని ఎవరు తిప్పుతారు బాబూ, రెండు పూటలు ఆగితే ఒళ్లు పుండవుద్ది" అంది. నా దగ్గర జవాబు లేదు. మీటింగులో చెబితే మా ప్రెసిడెంట్ గారి భార్య, ఆవిడ రిటైరైన నర్సు, నేను ఉంటానులే అన్నారు. పక్కింటి కుర్రాడు రాత్రి పడుకుంటానన్నాడు. అలా జనవరి శిబిరానికి మామ్మ బస్సెక్కింది. ఆ 15 మందిలో 11 మంది ఎక్కారు. పాలు తీయడానికి మనిషిని పెట్టాం, చుక్కల మందుకి ఇంటర్ పిల్లల్ని వీధికొకరిని పెట్టాం. మేం పైకి పంపే రిపోర్టులో ఇవి రాయడానికి గడే లేదు.

కట్టు విప్పిన రోజు నేను ఆస్పత్రిలోనే ఉన్నాను. మామ్మ నర్సు ముఖం చూడలేదు, నా ముఖం చూడలేదు, తన చేతులు చూసుకుంది. ముందుకీ వెనక్కీ తిప్పి, గాజులు ఒక్కోటీ జరిపి, "ఇవి నీలం గాజులా?" అంది. దసరాకి కూతురు తెస్తే, పండగ పూట నల్ల గాజులు తెచ్చావేంటే అని కూతుర్ని కసిరిందట. శుక్లం ముదిరితే నీలం నల్లగా కనిపించడం మామూలేనని డాక్టర్ గారు చెప్పారు. మామ్మ మాత్రం బస్సులోంచే కూతురికి ఫోన్ చేయించి, ఏమీ మాట్లాడకుండా ఏడ్చింది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్. తల్లి పోయింది, కళ్లు ఇస్తామని కొడుకు. ఆరు గంటల్లోపు తీయాలి, దానమిచ్చిన కళ్లు తీసుకునే ఐ బ్యాంక్ వాళ్లు సిటీ నుంచి రావడానికి గంటన్నర. ఈలోగా ఫ్యాన్ ఆపమని, తల కింద రెండు దిళ్లు పెట్టమని, రెప్పలు మూసి తడి దూది వేయమని ఫోన్లోనే చెప్పి బయల్దేరాను. అక్కడ పెద్దాయన ఒకరు వచ్చే జన్మలో గుడ్డిదై పుడుతుందని అడ్డం పడ్డారు. కూతురే ఆయన పక్కన కూర్చుని, అమ్మ షుగరు మనిషైనా పనికొస్తాయటండీ, అమ్మకి ఇష్టమే బాబాయ్ అని నచ్చజెప్పింది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. పొద్దున్న చూడటానికొచ్చిన వాళ్లెవరికీ తేడా తెలియలేదు.

వేసవి మామూలే, బస్టాండులో చలివేంద్రం, మజ్జిగ. కానీ రక్తానికి టెన్షన్. కాలేజీలకి సెలవులిస్తే రక్తం ఇచ్చే కుర్రాళ్లే ఊళ్లో ఉండరు, తలసేమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు, ఉన్న పిల్లలకి మాత్రం రెండు మూడు వారాలకోసారి ఎక్కించాల్సిందే. నిల్వ పెట్టుకుందామన్నా ఆరు వారాలకి మించి ఉండదు. అందుకే ఈసారి మే నెలలో ఆటో స్టాండు వాళ్లని అడిగాం, 31 మంది ఇచ్చారు. అందులో ఒకాయనకి తన గ్రూపు ఏంటో నలభై ఏళ్లకి ఆ రోజే తెలిసింది.

జూన్ 30న కొత్త సెక్రటరీకి రెండు రిజిస్టర్లు, సీలు, శిబిరంలో వాడే టార్చి ఇచ్చాను. మామ్మకి రెండో కన్ను ఇంకా మిగిలింది. జూలై శిబిరం జాబితాలో మొదటి పేరు ఆవిడదే రాసి, పక్కన ఎర్ర సిరాతో "ఆయన దగ్గర ఉండటానికి మనిషి కావాలి, రెండు రోజులు" అని రాశాను.