ఎస్ప్రెసో మెషీన్‌కి డైరెక్ట్ వాటర్ లైన్: మన ఇళ్లలో అసలు తంటా ప్రెషర్‌దే

మెషీన్ వెనకాల 3/8 అంగుళాల బీఎస్‌పీ (బ్రిటిష్ కొలత పైపు) మర కనిపించగానే ప్లంబర్‌ని పిలిచేయకండి. ముందు లోపల ఏ పంపు ఉందో చూడండి. రోటరీ పంపు ఉండి, లైన్ ఇవ్వొచ్చని మాన్యువల్లో రాసి ఉంటేనే ఈ పని పెట్టుకోవాలి. రాకెట్ ఆర్58, లెలిట్ బియాంకా ఈ కోవవే. గాగియా క్లాసిక్ లాంటి చిన్న మెషీన్లలో ఉండే వైబ్రేషన్ పంపు సొంత ట్యాంకులోంచి పీల్చుకోవడానికి తయారైంది. దాని జోలికి పోవద్దు.

ఇక ప్రెషర్. మాన్యువల్స్‌లో సాధారణంగా 2 నుంచి 3 బార్ అడుగుతారు. రాసినవాళ్ల ఊళ్లో వీధి లైన్లో ఆ ప్రెషర్ ఉంటుంది. మనకి నీళ్లు డాబా మీద ట్యాంకులోంచి దిగుతాయి. 10 మీటర్ల ఎత్తుకి 1 బార్ లెక్క. రెండంతస్తుల ఇంట్లో పై వంటగదికి ట్యాంకు 3, 4 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి అక్కడ వచ్చేది 0.3, 0.4 బార్. అదే పదంతస్తుల అపార్ట్‌మెంట్లో కింది ఫ్లాటుకి 3 బార్ దాకా వస్తుంది. పక్కింటాయన మెషీన్ బాగా నడుస్తోందని మీదీ నడుస్తుందనుకోవడానికి లేదు. గేజ్ కొని కుళాయికి బిగించి చూసుకోవడమే.

గోడకి తగిలించిన ఆర్ఓ నుంచి లాగుదామా అంటే, దాని ట్యాంకులో ప్రెషరే ఉండదు, నీళ్లు వాటి బరువుకి అవే కారతాయి. మెషీన్ సొంత ట్యాంకు నుంచి పంపుకి వెళ్లే గొట్టం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. ఆర్ఓ నుంచి మూడు మీటర్ల 1/4 అంగుళాల ట్యూబ్‌లోంచి పీల్చమంటే బాయిలర్ నింపుకునేటప్పుడు నీళ్లు చాలవు. పంపులో బుడగలు పుట్టి గరగరమంటుంది. అలాగే వాడితే లోపలి కార్బన్ రెక్కలు అరిగిపోతాయి.

అలాగని ఆర్ఓ వదిలేయడానికీ లేదు. హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లలో కుళాయిలోకి వచ్చేది బోరు నీళ్లు, లేదా బోరు కలిసిన నీళ్లు. గీజర్ రాడ్ మీద పేరుకునే తెల్లటి సున్నం బాయిలర్లోనూ పేరుకుంటుంది. సాఫ్ట్‌నర్ పెడితే సున్నం తగ్గుతుంది గానీ క్లోరైడు తగ్గదు. బాయిలర్ లోహాన్ని తినేసేది ఆ క్లోరైడే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకి 250 మిల్లీగ్రాముల దాకా సరేనంటుంది. మెషీన్ తయారీదారులు చాలామంది 30 దాటొద్దంటారు. తాగడానికి మంచి నీళ్లే కదా అన్న వాదన ఇక్కడ పనికిరాదు.

ఆర్ఓని పూర్తిగా బిగించి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 15, 20కి దించడం కూడా తప్పే. బాయిలర్లో నీటి మట్టం చూసే కడ్డీ నీళ్లలో కరెంటు పారితేనే నీళ్లున్నాయని గుర్తిస్తుంది. బాగా పలచని నీళ్లయితే గుర్తించక నింపుతూనే పోతుంది, ఆఖరికి ఆవిరి వచ్చే గొట్టం, అంటే స్టీమ్ వాండ్‌లోంచి నీళ్లు తన్నుకొస్తాయి. కాఫీ కూడా చప్పగా ఉంటుంది. (ఇత్తడి ఫిల్టర్‌లో డికాక్షన్ దింపుకునేవాళ్లకి ఈ గొడవలేవీ లేవు, నిజమే.) ఆర్ఓ నీళ్లలో కొంచెం బోరు నీళ్లు కలిపే టీడీఎస్ కంట్రోలర్ తిప్పి 100 దగ్గర ఆపండి. బోరు నీళ్లు 800, ఆర్ఓ నీళ్లు 40 అనుకుంటే 100 రావడానికి కలిపే బోరు నీళ్లు 8 శాతమే. బోరులో క్లోరైడు 200 ఉన్నా ఆ కలిపిన దాని నుంచి వచ్చేది 16. ఆర్ఓ నుంచి తప్పించుకొచ్చే కొంచెం కలిసినా 30 లోపే ఉండే అవకాశం ఎక్కువ. బోరే 1500 ఉంటే ఈ లెక్క తప్పుతుంది, నీళ్లు ల్యాబ్‌లో చూపించాలి.

ప్రెషర్‌కి మందు బ్లాడర్ ట్యాంకు, అంటే లోపల నొక్కిపెట్టిన గాలి నీళ్లని బయటికి తోసే ట్యాంకు. సింక్ కింద పెట్టే 12 లీటర్లది తీసుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు అందులో గాలి 7 పీఎస్‌ఐ ఉండాలి, సైకిల్ పంపుతో సరిచేసుకోవచ్చు. ఆర్ఓలో ఫ్లోట్ బదులు 40 పీఎస్‌ఐ దగ్గర బూస్టర్ పంపుని ఆపే హై ప్రెషర్ స్విచ్ వేయించాలి. అది మరిచిపోతే పంపు ఆగదు, ట్యూబ్ ఎక్కడో ఒకచోట ఊడిపోతుంది.

ట్యాంకు నిండినప్పుడు 2.8 బార్ (అంటే ఆ 40 పీఎస్‌ఐ) ఉండి, నీళ్లు వాడేకొద్దీ పడిపోతుంది. రోటరీ పంపు వచ్చే ప్రెషర్ మీద తన ప్రెషర్ కలుపుతుంది. కాబట్టి అది ఊగితే షాట్ ప్రెషర్ కూడా ఊగుతుంది. అందుకే ట్యాంకు తర్వాత గేజ్ ఉన్న ప్రెషర్ రెగ్యులేటర్ తప్పనిసరి. దాన్ని 1.5 బార్‌కి పెడితే ట్యాంకు మళ్లీ నిండేలోపు సుమారు 2.3 లీటర్లు నిలకడగా దొరుకుతాయి. 2 బార్‌కి పెడితే 1.2 లీటర్లే. ఇంట్లో వాడకానికి నా ఓటు 1.5కే. మాన్యువల్ 2కి తగ్గొద్దంటే మాత్రం 2కే పెట్టండి. నీళ్లు పారుతుండగా సెట్ చేసి, కట్టేశాక ముల్లు ఎంత పైకి పోతుందో చూడండి. మెల్లగా ఎక్కుతూనే ఉంటే రెగ్యులేటర్ బాగోలేదని అర్థం.

వరస ఇది: యాంగిల్ కాక్, నాన్ రిటర్న్ వాల్వు, 5 మైక్రాన్ సెడిమెంట్ ఫిల్టర్, కార్బన్ బ్లాక్, ఆర్ఓ, బ్లాడర్ ట్యాంకు, రెగ్యులేటర్, బాల్ వాల్వు, మెషీన్.

లీకులు ఎక్కువగా మరల దగ్గరే. ఫిల్టర్ హౌసింగ్‌లకి తరచూ ఎన్‌పీటీ (అమెరికా కొలత) మర ఉంటుంది, మెషీన్‌కి బీఎస్‌పీ. 3/8లో ఎన్‌పీటీకి అంగుళానికి 18 చుట్లు, బీఎస్‌పీకి 19. రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, సరిగ్గా పట్టిందనుకుంటాం. టెఫ్లాన్ ఎంత చుట్టినా కారుతుంది, సరైన అడాప్టర్ కొనాల్సిందే. మెషీన్ దగ్గర హోస్‌లో వాషర్ ఉంటుంది, అక్కడ టెఫ్లాన్ వద్దే వద్దు. ఆ పీచు ముక్క ఒక్కటి లోపలికి పోతే చాలు, గ్రూప్‌లో (కాఫీ దిగే భాగంలో) నీటి ధారని తగ్గించే జిక్లర్‌కుండే, మిల్లీమీటర్ కంటే సన్నటి రంధ్రం మూసుకుపోతుంది. చేత్తో బిగించి, పానాతో పావు చుట్టు తిప్పితే సరి.

మెషీన్‌కి తగిలించే ముందు హోస్ బకెట్లో పెట్టి పది లీటర్లు వదిలేయండి, కార్బన్ నలుసు పోతుంది. తర్వాత తగిలించి, ట్యాంకు నుంచి లైన్‌కి మార్చే వాల్వు తిప్పండి. కొన్నిటికి విడిగా స్విచ్ కూడా ఉంటుంది. నీళ్లు అందాయని తేలాకే పంపు నడపండి. రంధ్రాల్లేని బ్లైండ్ బాస్కెట్ పెట్టి పంపు స్క్రూతో గేజ్ మళ్లీ 9 బార్‌కి తెచ్చుకోవాలి, ఎందుకంటే ట్యాంకు మీద నడిచినప్పటి సెట్టింగు ఇప్పుడు ఎక్కువ చూపిస్తుంది. ప్రతి జాయింట్ కింద టిష్యూ పేపర్ పెట్టి రాత్రంతా వదిలి, పొద్దున తడిసిందేమో చూడండి.

బాల్ వాల్వు మాత్రం సింక్ కింద లోపలెక్కడో కాకుండా చేతికందేలా పెట్టించండి. ఊరెళ్లేటప్పుడే కాదు, రోజూ మెషీన్ ఆపేశాక కట్టేయాల్సింది అదే.