ఒక్క బిట్ పేచీ

పదకొండు దాటింది. కరెంటు వచ్చింది గానీ నిద్ర పోయింది. అమ్మ తలుపు దాకా వచ్చి, "ఏటిరా, ఇంకా ఆ డబ్బాతోనేనా?" అని వెళ్లిపోయింది. డబ్బాతోనే.

నేను రాస్తున్నది వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఇంకో కంప్యూటర్. ఇప్పుడు అందులో టైమ్ చెప్పే గడియారం చిప్‌ని కోడ్‌తో అనుకరించే పని నడుస్తోంది. 1984లో ఐబీఎం పీసీ ఏటీలో వచ్చిన మోటరోలా చిప్ పద్ధతే ఇప్పటికీ దిక్కు. హెక్స్ 70 పోర్టులో, అంటే చిప్‌తో మాట్లాడే దారిలో, రిజిస్టర్ (చిప్‌లో అంకె దాచే చిన్న గది) నంబరు రాయాలి, 71లో విలువ చదవాలి. సున్నాలో సెకన్లు, రెండులో నిమిషాలు, నాలుగులో గంటలు. ఇవన్నీ పొద్దున్నే కుదిరాయి.

పేచీ అంతా రిజిస్టర్ 'ఏ'లోని అన్నిటికన్నా పై బిట్‌తో, అంటే ఒకటో సున్నానో అయ్యే ఒక్క అంకెతో. అసలు చిప్ సెకనుకోసారి అంకెలు మార్చుకుంటుంది. దానికి 244 మైక్రోసెకన్ల ముందే ఈ బిట్‌ని ఒకటి చేసి, ఆగమంటుంది. చిప్‌కైతే సరే. నాకెందుకు? హోస్ట్‌ని, అంటే కిందున్న అసలు కంప్యూటర్‌ని, అడిగితే టైమ్ మొత్తం ఒక్కసారే వస్తుంది. చెయ్యని పనికి బిజీగా ఉన్నట్టు నటించే కోడ్ రాయాలట! ఆ నటన ఆఫీసు మీటింగుల్లో చూస్తున్నది చాలదా? మధ్యాహ్నమంతా ఇదే గొణుగుడు. చారులో ఉప్పు లేదని కూడా గమనించలేదు.

అప్పుడెందుకో విజయనగరం మూడు లాంతర్ల దగ్గరి ఇంటర్నెట్ సెంటర్ గుర్తొచ్చింది. ఇంటర్ రోజులు. మూల సిస్టమ్‌లో బోర్డు మీది సెల్ అయిపోయి, ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎక్కడికో వెనక్కి పోయేది. మెయిల్ తెరిస్తే సర్టిఫికెట్ చెల్లదనేది. తేదీ సరిచేసుకునే సమయానికీ మనమే డబ్బులివ్వాలి. అది కాదు అసలు మంట. సెంటర్ ఓనరు మనం వచ్చిన టైమ్ తన చేతి వాచీ చూసి పుస్తకంలో రాసేవాడు. లేచేటప్పుడు పైడితల్లమ్మ ఫొటో పక్కనున్న గోడ గడియారం చూసేవాడు. అది ఫాస్ట్. "అరగంట దాటిపోనాది బాబూ, గంటకిచ్చెయ్." ఎవరితో చెప్పుకోవాలి? రెండు గడియారాలూ ఆయనవే.

అది తలుచుకుంటుంటేనే తట్టింది. హోస్ట్ నాకు ఒక్కసారే ఇస్తుంది, నిజమే. గెస్ట్, అంటే వర్చువల్ మెషీన్ లోపల నడిచే సిస్టమ్, మాత్రం ఒక్కో రిజిస్టర్ విడివిడిగా చదువుతుంది. 10:59:59కి సెకన్లు చదివి, నిమిషాలూ గంటలూ చదివేలోపు సెకను మారితే 11:00:59 తేలుతుంది. నిమిషం ముందుకి! బిట్ సున్నా ఉందంటే, కనీసం 244 మైక్రోసెకన్లు అంకెలు కదలవని మాటిచ్చినట్టు. నటన కాదన్నమాట. రాశాను.

రాశాక మళ్లీ చిరాకు. ఆ మాట నిలబెట్టడం నా చేతుల్లో ఉందా? చదువు మధ్యలో హోస్ట్ నా థ్రెడ్‌ని, అంటే నా కోడ్ నడిచే వరసని, కాసేపు పక్కన పెడితే, ఆ కాస్త గడువు ఎప్పుడో అయిపోతుంది. తెలివైన గెస్ట్ రెండుసార్లు చదివి పోల్చుకుంటుంది. మిగతావాటి ఖర్మ.

అన్నట్టు, సాయంత్రం లినక్స్ గెస్ట్ టైమ్ సరిగ్గా చూపించింది. విండోస్ గెస్ట్ మాత్రం అయిదున్నర గంటలు వెనకబడింది. నేనిచ్చేది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైమ్; దానికి కావాల్సింది మన టైమ్. దాని సంగతి రేపు.