ముందుగదిలో పొయ్యి

ఆదివారం. పొద్దున్న ఆరున్నరకి వరండాలో థర్మామీటర్ 7 డిగ్రీలు చూపించింది. ఒడిశా కొండల్లోని మా సిమిలిగుడలో డిసెంబర్ అంటే ఇంతే. సాలూరులో బస్సెక్కినప్పుడు బ్యాగులో ఉన్న స్వెట్టర్ సుంకి ఘాటీ దాటేసరికి ఒంటిమీదికి వచ్చేస్తుంది. చూడ్డానికి వచ్చి పోయేవాళ్లకి ఈ చలి సరదా. స్లాబు ఇంట్లో గచ్చు మీద కాళ్లు పెట్టి లేచేవాళ్లకి కాదు.

కొత్తగా వేస్తున్న ముందుగదిలో పొయ్యి పెట్టిద్దామని నెల రోజులుగా నా పోరు. ఫోన్లో దాచుకున్న ఫోటోలన్నీ ఒకటే రకం. గోడలో ఇటుకల గూడు, అందులో మంట, ఎదురుగా పడక్కుర్చీ. మధ్యాహ్నం మేస్త్రి వస్తానన్నాడు, ఈలోగా తేల్చెయ్యాలి.

నాన్న ఫోటోలన్నీ ఓపిగ్గా చూసి, "వేడి ఎటు పోతుందిరా?" అన్నారు. ముప్ఫై ఏళ్లు సునాబెడ ఫ్యాక్టరీలో మిగ్ యుద్ధవిమానాల ఇంజన్ల మధ్య తిరిగిన మనిషి. ఏ మంట చూసినా గాలి ఎటునుంచి, పొగ ఎటువైపు అనే చూస్తారు. ముందు తలుపు లేని పొయ్యిలో గదికి దక్కేది నూటికి 10, 15 పాళ్లేనట. మిగతాదంతా గొట్టంలోంచి ఆకాశానికి. పైగా అది గదిలో వెచ్చటి గాలినే లాగేస్తుంటే, ఆ చోటు నింపడానికి తలుపు సందుల్లోంచి చల్లగాలి దూరుతుంది. నిజమే, భోగిమంట దగ్గర మొహం కాలుతున్నా వీపు వణుకుతూనే ఉంటుంది కదా!

కాబట్టి తలుపున్న ఇనప పొయ్యి. కాశ్మీరు వాళ్లు గదిలో పెట్టుకునే బుఖారీ పొయ్యికి అన్నలాంటిది. మంచిదైతే 60, 70 పాళ్ల వేడి ఇంట్లోనే మిగులుతుంది. దీనికి గాలి రెండు దారుల్లో రావాలి, కట్టెల కిందికి కొంత, మంట పైకి కొంత. "పొగంటే ఏమనుకున్నావు? కాలకుండా పారిపోతున్న కట్టె. పైన గాలి తగిలితే అదీ కాలుతుంది. మా ఇంజన్లోనూ అంతే, గాలంతా ఒక్కచోటే ఇచ్చేస్తే మంట ఆరిపోతుంది" అని పెన్ను తీసి పేపరు అంచున బొమ్మ కూడా వేశారు. ఈయన ఇంత ఉత్సాహంగా మాట్లాడి చాలా రోజులైంది.

పెద్దది కొందామన్నాను. వద్దన్నారు. గది 12 అడుగులకి 14, ఎత్తు 10. నాలుగైదు కిలోవాట్లది చాలు. పెద్దది తెస్తే ఉక్కపోసి గాలి దారి బిగిస్తాం, కట్టె మంట లేకుండా కుములుతుంది, గొట్టం లోపల తారులాంటి మసి పేరుకుంటుంది. ఏదో ఒక రోజు అదే అంటుకుంటుంది.

అమ్మ గొడవ వేరు. నా చిన్నప్పుడు ఓ రాత్రి బొగ్గుల కుంపటి గదిలో పెట్టి తలుపులు మూసి పడుకున్నారు. తెల్లారేసరికి తలపోటు, వాంతులు. బొగ్గుల్లోంచి వచ్చే విషవాయువు, కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు. "మళ్లీ నిప్పు గదిలోకి ఏటిరా?" అంది. గొట్టం ఉన్నదానికీ కుంపటికీ తేడా చెప్పాను. విన్నది, నమ్మలేదు. గోడకి ఆ వాయువుని పసిగట్టే అలారం పెట్టిస్తాననీ, గాలి రావడానికి గూడు వదిలిస్తాననీ మాటిచ్చాక ఊరుకుంది.

కట్టెల సంగతికొస్తే, పెరట్లో నేను కొనిపడేసిన నీలగిరి దుంగలు చూసి నాన్న నవ్వారు. రెండు తీసి ఒకదానికొకటి కొట్టారు. దబ్బుమన్నాయి. ఎండినవైతే ఖంగుమనాలట, చివర్లు నెర్రెలిచ్చి ఉండాలట. తేమ నూటికి 20 పాళ్లు మించితే, వేడిలో కొంత ఆ నీళ్లు ఆవిరి చెయ్యడానికే పోతుంది. అంటే ఇప్పుడు చీల్చి షెడ్డు కింద పేర్చినా, కాల్చుకునేది వచ్చే చలికాలమే. నా పడక్కుర్చీ ఏడాది వెనక్కి పోయింది.

మూడింటికి మేస్త్రి వచ్చి డాబా ఎక్కాడు. గొట్టం స్లాబు మీద కనీసం 3 అడుగులు లేవాలి, చుట్టూ 10 అడుగుల్లో ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుండాలి. మేం అనుకున్న మూల నీళ్ల ట్యాంకు ఉంది. పక్క మూలకి జరుపుదామన్నాడు.

"అక్కడ నేను వడియాలు పెట్టుకుంటాను" అంది అమ్మ మెట్ల మీంచే.

చివరికి మూడో మూల ఖాయమైంది. కింద గదిలో పైకప్పుకి బొగ్గుతో ఓ సున్నా చుట్టి వెళ్లిపోయాడు మేస్త్రి. రాత్రి ముగ్గురం వంటింట్లోనే పీటలేసుకుని తిన్నాం, గ్యాస్ పొయ్యి పక్కన.