గేటు గుంజ కుళ్లేది ఎక్కడ, దాన్ని పాతేది ఎలా

కుళ్లి ఒరిగిన గేటు గుంజను పీకి చూస్తే అడుగు కొస చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. నేలపైన ఉన్న భాగమూ బాగానే ఉంటుంది. నేల మట్టానికి రెండు మూడు అంగుళాల పైనుంచి ఒక అడుగు లోతు దాకా ఉన్న ఆ కాస్త పట్టీ మాత్రం వేళ్లతో నలిపితే పొడిగా రాలిపోతుంది. కొయ్యను తినే శిలీంధ్రాలకు తేమా కావాలి, గాలీ కావాలి. పైన గాలి ఆడుతుంది కానీ కొయ్య ఆరిపోతుంది. బాగా లోతున తేమ ఉంటుంది కానీ గాలి చాలదు. రెండూ కలిసి దొరికేది నేల మట్టం దగ్గరే. కొయ్యలో తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్లు పట్టదు. కాబట్టి మన శ్రమంతా ఆ పట్టీ దగ్గర నీళ్లు నిలవకుండా చూడటానికే పోవాలి.

కొయ్య ఎంపికలో చూడాల్సింది చేవ, అంటే మాను నడిమి ముదురు చెక్క. చెట్టు ఏ జాతిదైనా చేవ చుట్టూ ఉండే తెల్లచెక్క భూమిలో మన్నదు. టేకే అయినా లేత మాను దుంగలో తెల్లచెక్క ఎక్కువ, అది త్వరగా పోతుంది. కుళ్లకుండా కాపాడే మందు ఎక్కించకుండా పాతే గుంజకు తెల్లచెక్కను చెక్కేసి చేవనే ఉంచండి. ఫ్యాక్టరీలో ఒత్తిడితో మందు ఎక్కించిన గుంజ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. మందు బాగా పీల్చేది తెల్లచెక్కే, చేవలోకి అంతగా దిగదు. అలాంటి గుంజను చెక్కితే మందు పట్టిన పొరే పోతుంది. పొడవు తగ్గించాలంటే పై కొసను కోయండి, ఫ్యాక్టరీ కొసే భూమిలోకి వెళ్లాలి. కోసిన చోటా, బోల్టు రంధ్రాల్లోనూ కాపర్ నాఫ్తనేట్ అనే కొయ్య మందు పూయాలి, కొయ్య ఇక పీల్చుకోనంత వరకూ. కోయగా మిగిలిన ముక్కలను పొయ్యిలో పెట్టొద్దు. ఆర్సెనిక్ కలిసిన మందైతే పొగా బూడిదా రెండూ విషమే.

అడుగు భాగాన్ని మంటలో కాల్చి పాతితే కుళ్లదని చాలామంది నమ్ముతారు. బొగ్గు కుళ్లదు, నిజమే. కానీ ఆ పొర పగుళ్లు తీస్తుంది, వాటిలోంచి తేమ లోపలి కాలని చెక్కకు చేరుతుంది. ఒక్క కాల్చడాన్నే నమ్ముకోకండి. తారు పట్టీ చుట్టడం దానికంటే మేలు, అయితే ఒక అడుగు లోతు నుంచి నేలపైకి మూడు అంగుళాల దాకా మాత్రమే చుట్టాలి. అడుగు కొసను మూసేస్తే లోపలికి చేరిన నీరు దిగే దారి ఉండదు. కొయ్య పూర్తిగా ఆరకముందే చుట్టినా తేమను లోపల బంధించినట్టే.

పదడుగుల గేటు మోసే గుంజ ఏడెనిమిది అంగుళాల చదరం ఉండాలి, మూడు నుంచి మూడున్నర అడుగులు భూమిలో ఉండాలి. గొయ్యి దానికంటే అర అడుగు ఎక్కువ లోతు తవ్వి, ఆ అర అడుగూ కంకర వేసి దిమ్మిస కొట్టాలి. గుంజ చుట్టూ నాలుగు అంగుళాల ఖాళీ చాలు, గడ్డపార వెనక వైపుతో కూరడానికి సరిపోతుంది.

గొయ్యిలో బకెట్ నీళ్లు పోసి మర్నాడు చూడండి. ఇంకిపోతే చుట్టూ కూడా కంకరే కూరవచ్చు. నీళ్లు అలాగే ఉంటే అది బంకమట్టి. దానిలో కంకర నింపిన గొయ్యి చుట్టుపక్కల నీటినంతా లాక్కునే గుంట అవుతుంది. అక్కడ తవ్వి తీసిన మట్టినే, కాస్త చెమ్మగా ఉన్నప్పుడు, తిరిగి కూరాలి. ఏది కూరినా నాలుగైదు అంగుళాల పొరకు మించి ఒకేసారి వేయొద్దు. ప్రతి పొరకూ తూకం గుండుతో రెండు వైపులా నిలువు చూసుకోవాలి. ఒకేసారి నింపి పైన తొక్కేసిన గుంజ తొలి వానలకే కదులుతుంది, కదిలిన సందులోకే నీళ్లు దిగుతాయి. చివర మట్టిని గుంజ చుట్టూ మిట్టగా, వాలుగా పోయాలి.

గేటు బరువు గుంజ తలను గేటు వైపు లాగుతుంది, అడుగు కొస అవతలి వైపు తన్నుతుంది. అందుకని గొయ్యి అడుగున గేటుకు అవతలి పక్కన ఒక పెద్ద రాయి, పైన నేల మట్టానికి కాస్త కింద గేటు వైపు ఇంకో రాయి బిగించి కూరితే గుంజ ఒరగదు. ఇది చేయనివాళ్లే గుంజ ఒరిగాక కాంక్రీటు పోసుకుంటారు.

కాంక్రీటు తప్పదనుకుంటే గుంజ అడుగు కంకర మీదే కూర్చోవాలి, కాంక్రీటు చుట్టూ మాత్రమే ఉండాలి. కింద కూడా పోస్తే అది నీళ్లు నిలిచే గిన్నె. పైభాగాన్ని నేలకంటే అంగుళం ఎత్తున, బయటికి వాలుగా తీర్చండి. కొయ్య ఎండి కుంచించుకుపోయాక కాంక్రీటుకూ దానికీ మధ్య సన్నని చీలిక వస్తుంది. ఆ చీలికను తారుతోనో సీలెంట్‌తోనో ఏటా నింపుతూ ఉండాలి. ఆ పని చేస్తూ ఉండగలిగితేనే కాంక్రీటు వైపు వెళ్లండి. వారం ఆరకుండా గేటు వేలాడదీయొద్దు.

తలను వాలుగా కోయండి, లేదా రేకు తొడగండి. అడ్డకోతలో నీళ్లు పొడవునా దిగుతాయి.

ఏటా వానలు వెలిశాక గుంజ చుట్టూ మట్టిని రెండు అంగుళాలు తీసి స్క్రూడ్రైవర్‌తో పొడవండి. గట్టిగా ఆగితే సరే. మెత్తగా దిగడం మొదలైతే నేల మట్టానికి కాస్త పైన కిందికి వాలుగా రంధ్రాలు తొలిచి, బోరాన్ కడ్డీలు వేసి బిరడాలు కొట్టండి. తడి కొయ్యలో అవి కరిగి చుట్టూ వ్యాపించి శిలీంధ్రాన్ని ఆపుతాయి. స్క్రూడ్రైవర్ అంగుళానికి మించి సులువుగా దిగిపోతే గేటును ముందు దించేసి, ఆ తర్వాతే కొత్త గుంజ సంగతి చూడండి.